కూరలు ముట్టనివాళ్లు బరువు తగ్గాలంటే: డైట్ చార్టా, ఇంటి కంచమా?

కాకరకాయ వద్దు, ఆకుకూర వద్దు, ముద్దపప్పు, ఆలూ వేపుడు, ఆవకాయ ఉంటే చాలు అనేవాళ్ల ముందు రెండు దారులున్నాయి.

మొదటిది డైట్ చార్ట్. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం సలాడ్, రాత్రి సూప్. లెక్క పక్కాగా ఉంటుంది, నిజమే. కానీ కీరా వాసనే పడనివాళ్లు దాన్ని ఎన్నాళ్లని తింటారు? వారం తిరిగేసరికి ఆకలికి ఆగలేక బిర్యానీ తెప్పించుకుంటారు.

రెండోది, తినేవాటినే కొలత మార్చి తినడం. నా ఓటు దీనికే. 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 కేలరీలుంటాయి. మూడు గరిటెల అన్నంలో ఒక గరిటె పప్పు కలుపుకునేవాళ్లు రెండుకి రెండు కలుపుకుంటే అన్నం తగ్గుతుంది, ప్రొటీన్ పెరుగుతుంది, కడుపూ నిండుతుంది. ఇక ఆలూ వేపుడులో అసలు చిక్కు ఆలూతో కాదు, నూనెతో. ఒక్క టేబుల్‌స్పూన్ నూనె అంటేనే సుమారు 120 కేలరీలు. ముక్కల్ని ముందు ఉడికించి, ఇనప మూకుడులో కొద్ది నూనెతో ఎర్రగా వేయిస్తే రుచి పెద్దగా పోదు. సొరకాయ ముక్క కనిపిస్తే పక్కన పెట్టేవాళ్లు కూడా అది పప్పులో మెత్తగా ఎనిపేస్తే తినేస్తారు. పాలకూరా అంతే. సాయంత్రం మిక్చర్ బదులు ఉడికించిన గుడ్డో, శనగ గుగ్గిళ్లో.

ఇందులో బరువు నెమ్మదిగానే తగ్గుతుంది. షుగర్, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే ఏదైనా మార్చుకోవాలి.