బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: నాన్‌స్టాపా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా?

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు చాలామంది ధర దగ్గరే ఆగిపోతారు. దూరం, గంటలు కూడా చూడండి.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 14,000 కి.మీ. గ్లోబు మీద దారం బిగించి పెడితే అది ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన నాన్‌స్టాప్‌కు సుమారు 17 గంటలు పట్టేది. పైలట్లు ప్రతిసారీ ఆ దారం దారినే పట్టుకోరు. పసిఫిక్ మీద వెనకనుంచి తోసే గాలి బాగుంటే, దూరం పెరిగినా అటే వెళ్తారు. టైమ్, ఇంధనం రెండూ కలిసొస్తాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే మొత్తం 16,500 కి.మీ. పైమాటే. మొదట పది గంటలు, తర్వాత పదకొండున్నర. మధ్యలో మూడు గంటలు ఆగినా ఒక రోజు గడిచిపోతుంది. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ విరామం నిజంగా మేలు. లేచి నడవొచ్చు, కాళ్ల వాపు తగ్గుతుంది. అమెరికా వీసా ఉంటే జర్మనీ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి, అది మాత్రం మర్చిపోవద్దు. వేర్వేరుగా కొంటే, మొదటిది లేటైనప్పుడు రెండోదాని డబ్బులు పోయినట్టే.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే, నాన్‌స్టాప్ దొరికినప్పుడు కాస్త ఎక్కువైనా నేను అదే తీయమంటాను. గేటు వెతుక్కునే టెన్షన్ వాళ్లకు వద్దు. ఒక స్టాప్ తప్పదనుకుంటే, బుకింగ్‌లోనే వీల్‌చెయిర్ అడగండి.