గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్ఎక్స్: ఏళ్ల తరబడి వాడాక

2006లో వచ్చిన ఈ చేతి జీపీఎస్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. దారి చూపించే విషయంలో దీన్ని ఇప్పటికీ కళ్లు మూసుకుని నమ్మొచ్చు. నడిచిన దారిని భద్రపరిచే విషయంలో మాత్రం ఒక కన్ను వేసి ఉంచాలి.

ముందు సిగ్నల్ సంగతి. లోపల ఉన్నది సిగ్నల్ అందుకునే సర్ఫ్‌స్టార్ 3 చిప్, పైన పొడుచుకొచ్చిన మొద్దులాంటి భాగంలో మెలికల తీగల క్వాడ్ హెలిక్స్ యాంటెన్నా. ఆ రోజుల్లో దట్టమైన చెట్ల కింద కూడా సిగ్నల్ వదలని జోడీ ఇది, ఇప్పుడూ వదలడం లేదు. అయితే ఈ రకం యాంటెన్నా నిలువుగా ఉంటేనే బాగా పనిచేస్తుంది. నడుము బెల్టుకు తగిలిస్తే మన ఒళ్లే సగం ఆకాశాన్ని మూసేస్తుంది. బ్యాగు భుజం పట్టీ మీద, వీలైనంత పైన, నిలబెట్టి కట్టుకోవడం మేలు. అమెరికా జీపీఎస్ శాటిలైట్లు తప్ప రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో దీనికి తెలియవు. ఇరుకైన లోయల్లో కొత్త రిసీవర్లు దీన్ని దాటిపోయేది అక్కడే: కనబడే శాటిలైట్లు తక్కువ, రాతి గోడల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ ఎక్కువ కావడంతో చుక్క పదుల మీటర్లు పక్కకు గెంతుతుంది. శాటిలైట్ పేజీలో కనబడే 'ఆక్యురసీ' అంకె అంచనా మాత్రమే, హామీ కాదు.

నెలల తరబడి అల్మరాలో పడి ఉన్న సెట్‌ను ఆన్ చేసి, ఐదు నిమిషాల్లో సిగ్నల్ దొరకలేదని పాడైపోయిందనుకోకండి. శాటిలైట్ల పూర్తి పంచాంగం, అంటే ఆల్మనాక్, దిగడానికే 12.5 నిమిషాలు పడుతుంది. ఆకాశం బాగా కనబడే చోట కదపకుండా 20 నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత అదే రోజు మళ్లీ ఆన్ చేస్తే క్షణాల్లో అందుకుంటుంది.

కొనేటప్పుడు తేదీ చూడండి. జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1024కి చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చివరగా అలా జరిగింది 2019 ఏప్రిల్ 6న. ఈ వయసు రిసీవర్లలో కొన్ని అక్కడ తడబడి దాదాపు ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తాయి. ఉన్న చోటు సాధారణంగా సరిగ్గానే చెబుతాయి గానీ సూర్యోదయ సమయాలూ, ట్రాక్‌లో, అంటే నడిచిన దారి రికార్డులో, పడే తేదీలూ తప్పుతాయి. ట్రాక్‌తో ఫొటోలను జత చేసేవాళ్లు ఆ తప్పు తేదీకి 1024 వారాలు, అంటే 7168 రోజులు, కలుపుకోవాల్సిందే.

ఇక అసలు తలనొప్పి: ట్రాక్. నడుస్తున్నంతసేపూ రాసుకునే యాక్టివ్ లాగ్‌లో 10,000 పాయింట్లు పడతాయి. సెకనుకొకటి చొప్పున రాయిస్తే రెండు గంటల 46 నిమిషాలకే నిండిపోతుంది. 'వ్రాప్ వెన్ ఫుల్' పెట్టి ఉంటే పొద్దున నడిచిన దారి మీద మధ్యాహ్నం దారి ఎక్కి కూర్చుంటుంది, అది తీసేస్తే రికార్డింగే ఆగిపోతుంది. ఇంతకంటే మోసపూరితమైనది 'సేవ్' బటన్. సేవ్ చేసిన ప్రతి ట్రాక్‌నూ 500 పాయింట్లకు కుదించి, సమయం వివరాలన్నీ చెరిపేస్తుంది. మలుపులన్నీ నున్నగా అయిపోయి మొత్తం దూరం తగ్గినట్టు కనబడేది అందుకే. తిరుగు దారి పట్టుకోవడానికి అది చాలు, రికార్డుగా పనికిరాదు.

దీనికి మందు లోపలే ఉంది. ట్రాక్స్ పేజీలో సెటప్, అందులో డేటా కార్డ్ సెటప్‌కి వెళ్లి 'లాగ్ ట్రాక్ టు డేటా కార్డ్' టిక్ చేయండి. మైక్రో ఎస్‌డీ కార్డులో రోజుకొక జీపీఎక్స్ ఫైలు (ట్రాక్‌లు దాచే ఫైలు రకం), సమయాలతో సహా, కుదింపు లేకుండా చేరుతుంది. నడకకు రికార్డింగ్ ఆటో పద్ధతిలో 'మోర్ ఆఫెన్' సరిపోతుంది. ఆగిన చోట చుక్కలు పిచ్చుక గూడులా అల్లుకుంటాయి, దాన్ని కంప్యూటర్‌లో కోసేయడమే. తేదీ తప్పిన సెట్‌లో ఫైళ్ల పేర్లూ పాత తేదీలతోనే ఉంటాయి, వెతుక్కునేటప్పుడు అది గుర్తుండాలి.

కార్డు స్లాటు బ్యాటరీల కింద ఉంటుంది. 2 జీబీ కార్డు నిక్షేపంగా పనిచేస్తుంది. పెద్ద కార్డుల జోలికి పోవాల్సిన అవసరమూ లేదు. మ్యాపు 'జీమ్యాప్‌సప్ డాట్ ఐఎంజీ' అనే పేరుతో, 'గార్మిన్' ఫోల్డర్‌లో, ఒక్కటే ఫైలుగా ఉండాలి. పేరు మారితే దాన్ని పట్టించుకోదు. యూఎస్‌బీ కేబుల్‌తో మ్యాపు ఎక్కించడం నత్తనడక, కాబట్టి కార్డు తీసి రీడర్‌లో పెట్టుకోండి. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత మ్యాపులు బాగానే నడుస్తాయి. కాలిబాటన నడిచేవాళ్లు మ్యాప్ సెటప్‌లో 'లాక్ ఆన్ రోడ్' తీసేయాలి. లేకపోతే మీరు పొదల్లో ఉన్నా పక్కనున్న రోడ్డు మీదే ఉన్నట్టు చూపిస్తుంది.

దిక్సూచి రెండు అక్షాలది. సెట్‌ను బల్లపరుపుగా పట్టుకోకపోతే దిశ తప్పుతుంది. సెల్స్ మార్చిన ప్రతిసారీ క్యాలిబ్రేట్ చేయాలి: నెమ్మదిగా, ఒకే వేగంతో, రెండు చుట్లు. అవసరం లేనప్పుడు పేజ్ కీని నొక్కిపట్టి ఆపేస్తే కరెంటూ మిగులుతుంది. నడుస్తున్నంతసేపూ దిశ జీపీఎస్ నుంచే వస్తుంది కదా. ఎత్తు కొలిచేది గాలి పీడనంతో. సముద్రమట్టం దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ మార్పంటే 8 మీటర్ల పైమాటే; వాతావరణం మారితే కదలకుండా కూర్చున్నా కొండెక్కినట్టు చూపిస్తుంది. ఎత్తు తెలిసిన చోటు తగిలినప్పుడల్లా సరిచేసుకోవాలి.

రెండు ఏఏ సెల్స్‌తో 18 గంటలని కంపెనీ లెక్క. దిక్సూచి, బ్యాక్‌లైట్ వాడేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. ఎండలో ఈ తెర ఇంకా స్పష్టంగా కనబడుతుంది కాబట్టి పగలు బ్యాక్‌లైట్‌తో పనే లేదు. ఫోన్లు దీని ముందు దిగదుడుపే. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేస్తే సిస్టమ్ సెటప్‌లో బ్యాటరీ రకం మార్చాలి, లేకపోతే గేజ్ తప్పు చెబుతుంది. చలి ప్రాంతాలకు 1.5 వోల్టుల లిథియం సెల్స్ మంచివి. అదే సైజులో దొరికే 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్స్ మాత్రం వేయకండి, రెండూ కలిపి 7.4 వోల్టులు బోర్డు మీద పడతాయి. వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టండి. కారిన ఆల్కలైన్ తెల్లగా పేరుకుంటే వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయొచ్చు. సైకిల్ హ్యాండిల్ మీద కుదుపులకు సెల్స్ క్షణం ఎడమై సెట్ ఆగిపోతుంటే, స్ప్రింగులను కాస్త బయటికి లాగి చూడండి.

పాత సెట్ కొనేటప్పుడు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ జిగురు వదిలిందా, బ్యాటరీ తలుపు సీలు చీలిందా, వెనక యూఎస్‌బీ మూత ఉందా చూడండి. నీటిని తట్టుకునే దీని రేటింగ్ ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట. ఆ మాట కొత్త సీలు మీద చెప్పింది. ఇది నీళ్లలో మునుగుతుంది. పడవ మీదికైతే ఇంచుమించు ఇవే భాగాలతో వచ్చిన 76సీఎస్ఎక్స్ తేలుతుంది.

చేతికి రాగానే డేటమ్, అంటే చోటు అంకెలకు ఆధారమైన భూమి నమూనా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో ఉందో లేదో చూడండి. పాత యజమాని ఏదో కాగితం మ్యాపు కోసం మార్చి ఉంటే వందల మీటర్ల తేడా రావచ్చు. అక్షాంశాల పద్ధతి కూడా అంతే. 17.50 డిగ్రీలంటే 17 డిగ్రీల 30 నిమిషాలు. అవతలివాళ్లు దాన్ని 17 డిగ్రీల 50 నిమిషాలుగా రాసుకుంటే మిమ్మల్ని 37 కిలోమీటర్ల అవతల వెతుకుతారు.