ఎనిమిదేళ్ల బాక్స్‌టర్: బండి సరే, బండివాళ్ల సంగతి

"మరి 911 ఎందుకు తీసుకోలేదు?"

ఈ ఎనిమిదేళ్లలో నా బాక్స్‌టర్ గురించి నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. బాక్స్‌టర్ పోర్షే కంపెనీ రెండు సీట్ల కారు, 911 అదే కంపెనీది, ఇంకా పేరున్నది. మైలేజీ అడిగినవాళ్లు తక్కువ, స్పీడు అడిగినవాళ్లు ఇంకా తక్కువ. కార్ల గురించి పెద్దగా తెలియనివాళ్లు ఈ మాట అడగరు. వాళ్లకు అది పోర్షే, అంతే. అడిగేదల్లా బాగా తెలిసినవాళ్లే. అదీ పోర్షే ఓనర్ల క్లబ్బులో, నేను బండి దిగి తలుపు వేసేలోపే.

నాది 2003 మోడల్, 2.7 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. ఇంజిన్ మధ్యలో ఉన్న బండి మలుపుల్లో ఎలా పోతుందో, ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి చిన్న భాగం, అది పోతే ఇంజినే పోవచ్చు) పేరు వింటే గుండెదడ ఎందుకో ఇది చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. క్లచ్ మార్చినప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కదా అని ఆ బేరింగు కూడా మార్పించేశాను. ఆ టెన్షన్ అక్కడితో పోయింది. ఈ ప్రశ్న మాత్రం పోలేదు.

మొదటి ఏడాది క్లబ్బు మీటింగులంటే నాకు ఒళ్లు మంట. వరసగా బండ్లు ఆపగానే 911 వాళ్లందరూ వెనక మూతలెత్తి ఇంజిన్లు చూపించుకుంటారు. నా బండికి చూపించడానికి ఇంజినే కనిపించదు. చూడాలంటే పైకప్పు సగం మడిచి, లోపల కార్పెట్ తీసి, దాని కింద రేకు విప్పాలి. వెనక డిక్కీ తెరిస్తే ఆయిల్ పోసే మూత ఒకటి, కూలెంట్ మూత ఒకటి. పెళ్లిలో అందరూ నగలు చూపించుకుంటుంటే ఒకావిడ లాకర్ తాళంచెవి చూపించినట్టుంటుంది నా పరిస్థితి.

రోడ్డు మీద ఇంకో తమాషా. 1997లో వచ్చిన 996 తరం 911కీ, అంతకు ముందు ఏడాది వచ్చిన బాక్స్‌టర్‌కీ ముందు నుంచి తలుపుల దాకా చాలావరకు ఒకటే. అవే లైట్లు, అదే బానెట్, అవే ఫెండర్లు. అందుకని ఎదురొచ్చే 911 ఆయన దూరం నుంచి నన్ను తనవాణ్ణే అనుకుని స్టీరింగ్ మీంచి చెయ్యెత్తుతాడు. దగ్గరయ్యాక సంగతి అర్థమవుతుంది. అప్పుడా చెయ్యి సగంలో ఆగి, జుట్టు సర్దుకుని కిందికి దిగిపోతుంది. నాలుగైదుసార్లు చూశాను. ఒకాయనకు సర్దుకోవడానికి జుట్టు కూడా లేదు.

పైగా ఆ 996 ఆయన్ను చిన్నచూపు చూసేవాళ్లు వేరే ఉన్నారు. గాలితో చల్లబడే ఇంజిన్ల పాత 911 వాళ్లకు, నీళ్లతో చల్లబడే 996 అంటే నీళ్ల బండి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఈ వరసలో నేను అందరికన్నా కింద ఉన్నానని చాలాకాలం అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ బండిలో నాకు బాగా నచ్చినవాటిలో ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉండడం ఒకటి. కొన్న కొత్తలో అందరికీ అదే గొప్పగా చెప్పేవాణ్ణి. మూడో ఏడాది నుంచి చెప్పడం తగ్గించాను.

ఒక ఆదివారం మీటింగు అయ్యాక తాళంచెవి తిప్పి ఉంచి, పాటలు వింటూ రెండు గంటలు కూర్చున్నాను. బ్యాటరీ అప్పటికే ముసలిది. అందరూ వెళ్లాక స్టార్ట్ చేయబోతే టిక్కుమని కూడా అనలేదు. రిమోట్ పనిచేయలేదు. బ్యాటరీ ముందు మూత కింద, అద్దం దగ్గర ఉంటుంది. నా మోడల్‌లో ఆ మూత తెరుచుకోవడానికి కరెంటు కావాలి. కరెంటేమో ఆ మూత కింద ఉంది. జంపర్ కేబుళ్లు, బండి పుస్తకం కూడా నేను భద్రంగా దాచింది ఆ మూత కిందే. తప్పు ఎవరిదో వెతకక్కర్లేదు. ఆ పుస్తకం ఒక్కసారి తిరగేసి ఉంటే అక్కడ పెట్టేవాణ్ణి కాదు.

ఇవతల నేను తలుపు తెరుచుకుని కూలబడి ఉంటే, రోడ్డెక్కిన ఒక 911 వెనక్కి తిరిగి వచ్చింది. మొదటి మీటింగులో "మంచిదే తీసుకున్నావు బాబూ, మొదటి మెట్టు కింద" అన్న పెద్దమనిషే. తెల్ల ప్యాంటు వేసుకున్నారు. ఏమైందని కూడా అడక్కుండా ఆ ప్యాంటుతోనే కంకర మీద మోకాళ్లూని, డ్రైవర్ కాళ్ల దగ్గరున్న ఫ్యూజ్ బాక్స్ మూత పీకారు.

"ఇందులో ఎర్ర పిన్ను ఒకటుంటుంది, బయటికి లాగు."

లాగాను. తన బండి తెచ్చి నా బండికి ముక్కుకు ముక్కు పెట్టి ఆపారు. ఎర్ర కేబులు ఆ పిన్నుకి, నల్లది తలుపు గొళ్లెం పడే ఇనుప కొక్కానికి. తగిలీ తగలగానే దొంగల అలారం ఊరంతా వినపడేలా మోగింది.  ఆయన ఒక చెవి మూసుకుని నవ్వుతున్నారు. నేను కంగారుగా మూత మీట లాగితే, ఆ గోలలో వినపడలేదు గానీ, మూత ఒక అంగుళం లేచింది.

"ఇక్కణ్ణుంచి బండి స్టార్ట్ చెయ్యొద్దు, ఫ్యూజులు పోతాయి. ఇది మూత తెరవడం వరకే. ఇప్పుడు అసలు బ్యాటరీకి పెడదాం" అన్నారు.

"మీకెలా తెలుసు సార్?" అన్నాను.

"నాదీ ఇంతేగా. నీదీ నాదీ ముందు సగం ఒకటే" అని, ఒక్క క్షణం ఆగి, "లైట్లు మాత్రం వేరు" అన్నారు. నిజమే. ఆయనది 2002 తర్వాతి మోడల్, అప్పటికి 911 లైట్లు మార్చేశారు.

ఆ రోజు నుంచి క్లబ్బు మీద నా కోపం పోయిందని రాద్దామనుకున్నాను. మొత్తం పోలేదు. నెల తిరక్కుండా అదే పెద్దమనిషి నన్ను కొత్త మెంబరుకు పరిచయం చేస్తూ, "ఈయన ప్రస్తుతానికి బాక్స్‌టర్ నడుపుతున్నాడు" అన్నారు. ఆ 'ప్రస్తుతానికి' వయసు ఇప్పుడు ఐదేళ్లు. అయితే నా బండికి ఏం జరిగినా నేను మొదట ఫోన్ చేసేదీ ఆయనకే.

ఇక ఆ కింది మెట్టు సంగతి. 911 వాళ్ల నోరు మూయించడానికి నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. 1948లో పోర్షే పేరుతో వచ్చిన మొట్టమొదటి కారు, 356 నంబర్ 1, ఇంజిన్ వెనక ఇరుసుకు ముందే పెట్టుకుంది, అంటే నా బండిలాగే. ఎక్కడ దొరికితే అక్కడ ఈ మాట వాడాను. ఒకరోజు ఒక కుర్రాడు 924 అనే పోర్షే తెచ్చాడు. ముందు ఇంజిన్, పాత బండి, శ్రద్ధగా తుడిచి ఉంది. బానెట్ ఎత్తి చూపిస్తుంటే నా నోటి నుంచి ఎలా వచ్చిందో, "ఇది ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో పెట్టిన ఇంజిన్ కదూ?" అన్నాను. అబద్ధం కాదు, ఎల్‌టీ వ్యాన్‌లోనూ అదే వాడారు. పక్కన ఇద్దరు నవ్వారు. "అవునండీ" అని ఆ కుర్రాడు బానెట్ మెల్లగా దించి, దాని మీద పడిన నా వేలిముద్ర గుడ్డతో తుడిచాడు.

ఆ 1948 కారులో ఉన్నది కూడా ఫోక్స్‌వ్యాగన్ ఇంజినే. అది నాకు ముందు నుంచీ తెలుసు. నాకు పనికొచ్చే సగం అందరికీ చెప్పి, వాడికి పనికొచ్చే సగం ఎప్పుడూ చెప్పలేదు. తర్వాతి రెండు మీటింగులకు ఆ కుర్రాడు రాలేదు. మూడోదానికి వస్తే ఆ సగం కూడా నలుగురిలో చెప్పాను. విన్నాడో లేదో తెలియదు, వాడి చుట్టూ అప్పటికే ఐదుగురున్నారు.

కొనొచ్చా అంటే, నాకు రోజువారీ పనులకు వేరే కారు ఉంది, బండి నీడలో ఉంటుంది, నడపని వారాల్లో బ్యాటరీకి చార్జర్ తగిలిస్తాను, ఇంట్లో రెండు సీట్లకు మించి అవసరం పడదు. ఇవన్నీ తీసేస్తే ఇంత ఓపిగ్గా రాసేవాణ్ణా అన్నది అనుమానమే. 'పోర్షే' అన్న మాట కోసమే కొంటే, ఆ మాట క్లబ్బు గేటు బయట బాగానే పనిచేస్తుంది. లోపల అంతగా కాదు. నా మటుకు అమ్మే ఉద్దేశం లేదు. కేబుళ్లు మాత్రం ఇప్పుడు సీటు వెనక పెట్టాను.