సిలువను ఎలా చెబితే మేలు: అప్పు తీరడమా, మరణం మీద గెలుపా?

గుడ్ ఫ్రైడే మా నరసాపురం వైపు దాళ్వా (రెండో పంట వరి) కోతలకు అటూ ఇటూగా వస్తుంది. కౌలు రైతు ఇంట్లో అప్పుడంతా అప్పు నోట్ల లెక్కే. అందుకే సిలువ ధ్యానాల్లో పౌలు పత్రిక కొలొస్సయులకు 2:14 చదివితే మళ్లీ వివరించాల్సిన పని ఉండదు. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టేశాడు. ఊరికే రద్దు చేయలేదు, తన కుమారుని ప్రాణంతో చెల్లు రాశాడు.

తర్వాతి వచనంలోనే పౌలు ఇంకోలా చెబుతాడు. ప్రధానులను, అధికారులను, అంటే చీకటి శక్తులను, నిరాయుధులను చేసి, సిలువచేత జయోత్సవంతో బాహాటంగా కనబరిచాడంటాడు. పైన అప్పు, కింద యుద్ధం. ఈ రెండిట్లో ఏది ముందు?

అప్పు వైపు పెద్ద వాదన 11వ శతాబ్దం చివర వేదాంతి ఆన్సెల్మ్‌ది. బాకీ పడింది మనిషి, తీర్చగలిగింది దేవుడొక్కడే, కాబట్టి దేవుడే మనిషయ్యాడు అన్నాడాయన. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ కాలానికి అది కోర్టు మాటైంది: మన శిక్ష క్రీస్తు భరించాడు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి గోదావరి డెల్టాలో మిషను నాటిన బౌడెన్, బీర్ల బ్రదరెన్ సంఘాల బోధ కూడా ఇదే.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. తండ్రి కోపంతో కొట్టబోతే కుమారుడు అడ్డుపడ్డాడన్నట్టు కొందరు ప్రసంగిస్తారు. బైబిలు అలా చెప్పదు. మన ఊళ్లలో ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేసినవాడు తాను చేసుకునేది. కానీ లేవీయకాండము 17:11లో దేవుడు ప్రాయశ్చిత్తం చేసే బలి రక్తాన్ని "మీకిచ్చితిని" అంటాడు. ఇచ్చేది ఆయనే. తండ్రి ఒక పక్షం, కుమారుడు ఇంకో పక్షం అన్నట్టు చెబితే ఆ మాటే పోతుంది.

గెలుపు వైపు స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ అవులేన్ 1930ల మొదట్లో గట్టిగా నిలబడ్డాడు. తొలి శతాబ్దాల సంఘం పాడుకున్నది ఈ విజయాన్నే అన్నాడు. చావు ఇంట్లో నేనూ ఇదే తీస్తాను: మరణభయంతో జీవితకాలమంతా దాస్యంలో ఉన్నవారిని విడిపించాడనే హెబ్రీయులకు 2:15. శవం దగ్గర పాపం, శిక్ష అని మొదలుపెట్టడం క్రూరం.

సిలువ ప్రేమకు మాదిరి అన్న 12వ శతాబ్దపు వేదాంతి అబెలార్డ్ మాటా నిజమే, కానీ అప్పులో మునిగినవాడికి మాదిరి ఒక్కటే చాలదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను 14వ వచనమే పట్టుకుంటాను. శత్రువైన సాతాను చేతిలో ఉన్న ఆయుధం మన మీద నేరం మోపే ఆ పత్రమే. అది పోయాకే వాడు నిరాయుధుడయ్యాడు. పౌలు రాసిన వరసా అదే.

ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు. 1996 నవంబరు 6 తుపానులో భర్తను పోగొట్టుకున్న ఒక పెద్దావిడ ఇంట్లో, చాలా ఏళ్ల తర్వాత, ప్రార్థన పెట్టాం. మరణం ఓడిపోయిందని నేను చెప్పినంతసేపూ ఆవిడ తల ఊపింది. అందరూ లేచాక నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు వేటకి వెళ్లనంటే నేనే పంపానండి అయ్యగారూ" అంది.

మళ్లీ కూర్చుని బైబిలు తెరిచి, 14వ వచనం ఆవిడకి రెండుసార్లు చదివాను.