సంగమేశ్వరం దగ్గర పక్షుల లెక్క: 13,500 రూపాయలు పోయాయి, జక్కవలు కనిపించాయి

కర్నూలు వాళ్లం కదా, సంగమేశ్వరం మాకు కొత్త కాదు. శ్రీశైలం డ్యామ్ నీళ్లు తగ్గి గుడి బయటపడ్డ ఏడాదల్లా పోయి, వేపదారు శివలింగానికి దణ్ణం పెట్టుకుని వస్తాం. ఆ నీళ్ల మీద పక్షుల్ని లెక్కపెట్టడానికి పోతామని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఈ జనవరిలో పోయాం. మూడు రోజుల్లో రెండు రోజులు మోసపోయాం. ఇంకొకరు అలా మోసపోకూడదనే ఇది రాస్తున్నాను.

మా వదిన కూతురు డిగ్రీలో జువాలజీ చదువుతోంది. "అత్తా, పడవలో పోయి పక్షుల సర్వే అంట, సైంటిస్టు కూడా వస్తాడంట" అని ఫోన్ పట్టుకుని వచ్చింది. మనిషికి 4,500. రెండు రాత్రులు నది ఒడ్డున టెంట్లు, టెలిస్కోపు, లైఫ్ జాకెట్లు, మూడు పూటలా భోజనం అని రాశారు. పిల్లను ఒంటరిగా పంపడం ఇష్టంలేక వదిన బయల్దేరింది. ఆమెకు తోడుగా నేను. ముగ్గురికి 13,500 ముందే కట్టేశాం.

శుక్రవారం సాయంత్రానికి ఆత్మకూరు చేరాం. అక్కడే మొదటి దెబ్బ. "ఫారెస్టు పర్మిషన్ రాలేదు, టెంట్లు లేవు, లాడ్జిలో సర్దుకోండి" అన్నాడు నిర్వాహకుడు. ఆత్మకూరు పక్కనే పులుల అభయారణ్యం ఉంది, అక్కడ పర్మిషన్ లేకుండా టెంటు వేయనివ్వరని చిన్నపిల్లలకూ తెలుసు. డబ్బులు తీసుకునే ముందు అడగాల్సింది కదా? పైగా గది అద్దె మళ్లీ మేమే కట్టాలట. రాత్రికి 1,600, ఏసీ గది అని. ఏసీకి రిమోట్ లేదు. "చలికాలంలో ఏసీ ఎందుకమ్మా" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మరి ఏసీ డబ్బులు ఎందుకు తీసుకున్నట్టు?

దుప్పటి ఎత్తి చూస్తే పరుపు కుట్ల వెంట నల్లులు బారులు తీరి ఉన్నాయి. గది మార్చమంటే ఖాళీ లేదన్నాడు. కిందికి దిగి చూస్తే కౌంటర్ వెనక బోర్డుకు నాలుగు తాళాలు వేలాడుతున్నాయి. నేను గట్టిగా అరిచేదాకా తాళం ఇవ్వలేదు. రెండో గదిలో నల్లులు లేవు గానీ బాత్రూమ్‌కు గడియ లేదు. పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 30. వదిన ఆ రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది. "నీ మేనకోడలి చదువు బాగుండాలి గానీ" అన్న మాట తప్ప తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

శనివారం పొద్దున రేవు దగ్గర ఇంజిన్ బోటు ఎక్కించారు. మేం 14 మంది, లైఫ్ జాకెట్లు 8. ఈ నీళ్లలోనే 2007 జనవరిలో నెహ్రూనగర్ దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో మా జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేం ముగ్గురం జాకెట్లు తీసుకున్నాకే ఎక్కాం. మీరూ అంతే చేయండి, మొహమాటపడొద్దు.

గుడి శిఖరం కొస మాత్రమే నీటి పైన ఉంది, దాని మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. ఆ దాపున ఒక మట్టిదిబ్బ మీద నారింజ రంగు పక్షులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. "అత్తా, జక్కవలు! చక్రవాకాలు!" అని పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదివినవే, రాత్రయితే జంట విడిపోయి ఏడుస్తాయనే జక్కవలు. నేను బైనాక్యులర్స్ సర్దుకునేలోపు ఫోటోల కోసం బోటును నేరుగా దిబ్బ మీదికి తోలించాడు ఆ నిర్వాహకుడు. ఇంజిన్ మోతకు అన్నీ లేచిపోయాయి. తెల్లటి రెక్కలు ఒక్కసారి మెరిశాయి, అంతే.

అవి లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి మన దగ్గరికి వస్తాయి. మేత ఎక్కువగా రాత్రిపూటే, పగలు ఒడ్డున విశ్రాంతి. పగలు మనం బెదరగొట్టినప్పుడల్లా వాటి నిద్రే కాదు, అంత దూరం తిరిగి పోవడానికి దాచుకున్న బలం కూడా పోతుంది. ఇదంతా పిల్ల చెప్పింది, సైంటిస్టు అని వచ్చినాయన చెప్పలేదు. ఆయన కాగితం మీద "500" అని రాసుకున్నాడు. పిల్ల దగ్గరికి పోయి "సార్, వందలోపే ఉన్నాయి కదా" అంటే "గుంపు పెద్దగా కనిపిస్తే రిపోర్టు బాగుంటుందమ్మా" అన్నాడు. నాకు నల్లుల కంటే, 1,600 కంటే ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. ఆ అంకెను నమ్మి రేపు ఎవరైనా ఈ నీళ్లలో జక్కవలకు ఢోకా లేదనుకుంటే?

తిరిగి రేవుకొస్తే మధ్యాహ్నం భోజనం లేదు. అక్కడే విశాఖ వైపు నుంచి వలస వచ్చిన మత్స్యకారుల గుడిసెలు ఉన్నాయి. వాళ్లు చేపల కోసం ఏటా సముద్రం వదిలి ఈ కృష్ణ మీదికి వస్తారు. ఒకామె మమ్మల్ని చూసి కూర్చోమంది. రాగండి చేప పులుసు, పక్క ఊరి నుంచి తెచ్చుకున్న జొన్న రొట్టె. చింతపండు తక్కువ, మిరియం ఎక్కువ, మా ఇళ్లలో పెట్టే పులుసు కాదది. ముగ్గురికి 300 ఇస్తే 200 తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేసింది. వదిన మూడు రొట్టెలు తిని అప్పుడు నవ్వింది.

ఆమె భర్తతో మాటలు కలిశాయి. "ఇంజినుతో ఎళ్తే పక్షి ఉంటాదామ్మా? తెరచాప ఎత్తుకుని ఎళ్లాల" అన్నాడు. ఆదివారం పొద్దుటికి 800కు మాట్లాడుకున్నాం. నిర్వాహకుడికి మేం రావడం లేదని చెప్పేశాం. డబ్బు వాపసు అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు.

చిన్న నాటు పడవ. తెరచాప అంటే యూరియా సంచులు విప్పి కలిపి కుట్టిన గుడ్డ, వెదురు గడకు కట్టింది. గాలి పట్టగానే టపటపా కొట్టుకుని, ఆ తర్వాత బిగుసుకుని నిశ్శబ్దమైపోయింది. నీళ్లు పడవ పక్కలకు తాకే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన దిబ్బకు ఎదురుగా పోలేదు, పక్కనుంచి దూరంగా దాటిస్తూ తెరచాప దించేశాడు. పడవ తనంతట తనే ఆగింది.

జక్కవలు కదల్లేదు. ఒక జంట మరీ దగ్గరగా ఉంది: ఒళ్లంతా ఇటుక రంగు, తల మాత్రం లేత గోధుమ రంగు, మగదాని మెడ చుట్టూ సన్నటి నల్లటి గీత. ఆడది తల వెనక్కి తిప్పి రెక్కల్లో ముక్కు పెట్టుకుంది. మగది ఒకసారి గట్టిగా అరిచి ఊరుకుంది. పిల్ల లెక్క ఎలా పెట్టాలో మాకు నేర్పింది. వందల్లో ఉంటే పది పక్షులు ఎంత చోటు పడతాయో కంటితో పట్టుకుని, ఆ కొలతతో గుంపంతా జరుపుకుంటూ పోవాలి. తక్కువ ఉంటే ఒక్కొక్కటే, ముగ్గురూ విడివిడిగా.

అక్కడే ఇసుక మేట మీద నల్లటోపీ, పసుపు ముక్కు ఉన్న తెల్లటి పక్షులు కనిపించాయి. రివర్ టర్న్‌లు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి మేటలు తేలాక ఉత్త ఇసుక మీదే గుడ్లు పెడతాయి, కుక్కలు, మనుషులు తొక్కేస్తుంటారు. ప్రపంచంలో వీటి సంఖ్య తగ్గుతోందని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. పడవాయన ఆ మేట మీద వల ఆరేయడంట. "గుడ్డు మీద అడుగేస్తే పాపం గదా" అన్నాడు. కొందరు సన్నటి కన్నుల అలివి వలలు వేసి వేలెడంత చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తున్నారని, చేప లేకపోతే ఈ పక్షులు మాత్రం ఎందుకు ఉంటాయని ఆయన బాధ.

పోవాలనుకునేవాళ్లకు చెప్తున్నాను. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు, 1987 నుంచి జరుగుతోంది. అది వాలంటీర్లు చేసే పని, దానికి ఫీజు లేదు. మీరే పోయి లెక్కపెట్టి, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో వేయొచ్చు. 4,500 అడిగేవాణ్ణి ముందు పర్మిషన్ కాగితం చూపించమనండి. ఆత్మకూరులో రాత్రి ఉండొద్దు. కర్నూలు నుంచి తెల్లవారుజామున కారు మాట్లాడుకుని పోతే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. దారిలో నందికొట్కూరులో ఉగ్గాని బజ్జీ తినండి, ప్లేటు 40.

తిరుగు బస్సులో పిల్ల లెక్క రాసుకుంటోంది. తనకు 86, నాకు 85. కళ్లు మూసుకుని ఉన్న వదిన "88" అంది. "మనం తిరిగేటప్పుడు రెండు వచ్చి వాలాయి, మీరు సంచులు సర్దుకుంటున్నారు. నేను చూశాను, రాసుకో."