తెడ్డు ఎవరి చేతిలో ఉంది: ఉత్తరాఖండ్ నదులు, సరస్సులపై మా అనుభవం

గంగలో రాఫ్టింగ్, టెహ్రీ జలాశయంలో మోటారు పడవలు, కుమావూ కొండల్లోని సరస్సులు – ఈ మూడింటినీ ఒకే ప్రయాణంలో చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. తెడ్డు మన చేతికి ఇచ్చిన చోట దొరికే ఆనందం, మనల్ని కూర్చోబెట్టి తిప్పి తీసుకువచ్చే చోట దొరకదు.

దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగగా మారిన తరువాత, రిషికేశ్ చేరేదాకా నది కొండల నడుమ మలుపులు తిరుగుతూ దిగుతుంది. రాఫ్టింగ్ జరిగేది ఈ దారిలోనే. బ్రహ్మపురి నుంచి బయలుదేరితే ప్రయాణం సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, కౌడియాలా నుంచి 35 దాకా ఉంటుంది. కౌడియాలా దారిలో ఎదురయ్యే ‘ది వాల్’ అనే ఉరవడి (రాళ్ల మీదుగా నీరు ఎగసిపడే చోటు) అనుభవం ఉన్నవారికే తగినది; మొదటిసారి వచ్చేవారికి శివపురి చాలు, ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ వంటి పెద్ద అలలు అక్కడి నుంచి కూడా దొరుకుతాయి. మా గైడు ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. అది గడ్డం దాకా జారి వచ్చినవారికి పట్టీలన్నీ మళ్లీ బిగించాడు. నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం సాగే వైపు చాపి, రాళ్లు తగిలితే పాదాలతోనే కాచుకోవాలని ఒడ్డునే నేర్పాడు. తగిన నియమావళి రూపొందించేదాకా జలక్రీడలు ఆపాలని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే, ఈ జాగ్రత్తలు ఎంత అవసరమో అర్థమవుతుంది. ఈ పాఠం చెప్పకుండానే పడవ నీటిలోకి తోసేవారు ఎంత తక్కువ ధర చెప్పినా ఎక్కవద్దని నా గట్టి సలహా. వర్షాకాలంలో, అంటే జూలై, ఆగస్టు నెలల్లో రాఫ్టింగ్ పూర్తిగా ఆపేస్తారు.

టెహ్రీ విషయంలో నాది మిశ్రమాభిప్రాయం. 260.5 మీటర్ల ఎత్తున్న ఆనకట్ట వెనుక, పాత టెహ్రీ పట్టణాన్ని తనలో కలుపుకున్న ఆ నీటి విస్తీర్ణం చూసి తీరవలసినదే. అయితే కోటీ కాలనీ దగ్గర మేము ఎక్కిన మోటారు పడవ వేగంగా ఒక చుట్టు తిప్పి దింపేసింది; డబ్బుకు తగినంత సేపు నీటిమీద ఉన్నామనిపించలేదు. నీటిపై తేలే గదుల్లో బస తెల్లవారుజామున ఎంతో హాయిగా ఉంటుంది కాని, పడవలు తిరగడం మొదలయ్యాక నేల కదులుతూనే ఉంటుంది కనుక వృద్ధులతో వెళ్లేవారు ఒడ్డున గది తీసుకోవడమే మేలు. జలాశయం నిండు మట్టం సముద్రమట్టం నుంచి 830 మీటర్లు. వేసవికి నీరు బాగా దిగి గట్లు బోసిపోతాయి కాబట్టి, వానలు తగ్గాక అక్టోబరులో వెళితేనే దాని అందం తెలుస్తుంది.

నైనిటాల్‌లో తెడ్డు పడవవాడిదే. సరస్సు రెండు చివరలైన మల్లీతాల్, తల్లీతాల్‌ల మధ్య షికారు బాగానే ఉంటుంది, రద్దీ మాత్రం విపరీతం.

మా మనసు దోచుకున్నది నౌకుచియాతాల్ సరస్సు. పేరుకు తగ్గట్టు తొమ్మిది మూలలున్నాయంటారు. చుట్టూ అడవి కమ్మిన కొండలు, వాటి నీడలో ముదురు ఆకుపచ్చని లోతైన నీరు. ఇక్కడ కయాక్, అంటే మనమే తెడ్డు వేసుకునే సన్నని చిన్న పడవ, అద్దెకు ఇస్తారు. మొదట అది ఒకే వైపు తిరిగిపోతున్నా, తెడ్డును లోతుగా ముంచకుండా రెండు వైపులా సమంగా వేయడం అలవాటైతే తిన్నగా సాగిపోతుంది, ఆ తరువాత ఒడ్డుకు రావాలనిపించదు. మాకు జాకెట్ ఇచ్చిన కుర్రవాడు, మధ్యాహ్నం గాలి లేస్తుందనీ ఉదయమే రమ్మనీ ముందుగానే చెప్పడం నాకెంతో నచ్చింది. అందుకే దూరంలోని పెద్ద హోటలు కంటే, నిద్ర లేచి నడిచి రాగలిగే గట్టుమీది చిన్న బసనే ఎంచుకోండి. సాత్‌తాల్, భీమ్‌తాల్ సరస్సులకు కూడా అక్కడి నుంచి కారులో తేలికగా వెళ్లి రావచ్చు.