మళ్లీ బిగించుకోగలిగిన బోల్టు: అటక వాసాలతో ఐదేళ్లు

మా అటకలో బలహీనంగా ఉన్న వాసాలకు జోడు వాసాలు వేసి, బోల్టులతో బిగించి ఐదేళ్లు దాటింది. పని పూర్తయిన కొత్తలో ఎవరు అడిగినా "జోడు వాసాలు వేయించండి, ఆ తరువాత అటక సంగతే మరిచిపోవచ్చు" అని చెప్పేవాణ్ణి. ఆ మాటలో మొదటి సగం మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం ఉంది. రెండో సగం మాత్రం తొందరపడి చెప్పినదని అనుభవం మీద తెలిసింది.

ఇల్లు కట్టినవారు వాసాలను ఉండవలసినదానికంటే సన్నగా, దూరం దూరంగా వేశారు. పదకొండు వాసాలలో మూడింటికి సరిగ్గా నడిమధ్యన, వంపు ఎక్కువగా వచ్చే చోటనే, పిడికిలంత ముడులున్నాయి. కొప్పు దగ్గర నుంచి గోడ దాకా వాసం అడుగున దారం లాగి కొలిస్తే, అన్నిటికంటే ఎక్కువగా కుంగిన వాసం మధ్యలో 34 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. వాసం నిలువు కొలతను, అంటే దాని ఎత్తును, పావు వంతు పెంచినా చాలు, వాసం వంగకుండా నిలిచే శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. అంత లాభం మందం పెంచి పొందాలంటే మందాన్ని పూర్తిగా రెట్టింపు చేయాలి. అయినా పాత వాసాల కాళ్లు గోడ మీద కూర్చున్న కోతల్లో ఎత్తైన కర్ర పట్టదు కాబట్టి, పాతవాటి కొలతలోనే 50 మిల్లీమీటర్ల మందం గల కొత్త వాసాలను పక్కన చేర్చి, ఒక్కొక్క జతకు నాలుగేసి చొప్పున మొత్తం 44 బోల్టులు వేయించాను.

మేకులతో ముగించమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. పని చేసిన వడ్రంగి మాత్రం ఒప్పుకోలేదు. ఎండి గట్టిపడిన పాత కర్రలో, ముఖ్యంగా చివరల దగ్గర, లావు మేకు దిగితే నిలువునా చీలుతుందనీ, సుత్తి దెబ్బల అదురుకు పైనున్న పెంకులు కదులుతాయనీ ఆయన అభ్యంతరం. 12 మిల్లీమీటర్ల బోల్టుకు రంధ్రం 13కు మించకూడదని ఆయన పట్టుబట్టారు. రంధ్రం వదులైతే బరువు పడినప్పుడు ముందు వాసం జారి, ఆ తరువాతే బోల్టు పట్టుకుంటుంది. వాషర్ల విషయంలో మాత్రం పట్టుబట్టినది నేను. బోల్టులతో పాటు వచ్చిన చిన్న వాషర్లు నట్టు బిగించగానే కర్రలోకి దిగబడిపోయాయి. కలప నిర్మాణాలకు యూరోకోడ్ 5 అనే యూరోపియన్ ప్రమాణం చెప్పే కనీస కొలత, వాషరు వెడల్పు బోల్టు వ్యాసానికి మూడింతలు, మందం బోల్టు వ్యాసంలో పదో వంతుకు మూడింతలు. అందుకని 40 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం గల వాషర్లు తెప్పించి మొదటి రోజు వేసినవన్నీ మార్పించాను. ఆ రోజు ఆయన నట్లు బిగిస్తూ, "ఈ కర్ర ఇంకా పచ్చిగానే ఉందండీ, ఏడాది తిరిగాక ఒకసారి మళ్లీ తిప్పుకోవాలి" అన్నారు. నేను విన్నాను గానీ మనసులో పెట్టుకోలేదు.

పద్నాలుగో నెలలో ఒక రాత్రి పైనుంచి "టక్" మని ఒక్క శబ్దం వినిపించింది. ఎలుక పరుగు కాదు, పెంకు జారిన చప్పుడూ కాదు. మరుసటి రాత్రి అదే వేళకు రెండుసార్లు వినిపించింది. పగలంతా ఎండకు కాగిన కప్పు చల్లబడే సమయమది. తెల్లవారి టార్చి తీసుకుని అటకలోకి పాకి వెళ్లి వాసాలన్నీ చూశాను. పగులు లేదు, కొత్తగా కుంగిన జాడ లేదు. దారం కట్టి కొలిచినా పని అయిన రోజు రాసుకున్న అంకెలే వచ్చాయి. దిగిపోదామని ఒక వాసాన్ని ఆసరాగా పట్టుకున్నప్పుడు నా బొటనవేలి కింద వాషరు కదిలింది.

టార్చి దగ్గరగా పెట్టి చూశాను. వాషరు పైన పల్చగా ధూళి పట్టి ఉంది. దాని అంచు వెంబడి కర్ర మీద నెలవంక ఆకారంలో ధూళి లేని శుభ్రమైన గీత ఒకటి కనిపించింది. వాషరు కొద్దిగా కిందికి జారినందున, ఇంతకాలం దాని చాటున ఉన్న కర్ర బయటపడిందన్నమాట. రెండు వాసాల మధ్య పోస్టుకార్డును దూర్చితే ఎక్కడా తగలకుండా దిగింది. వరసగా ఒక్కొక్క నట్టును చేత్తో తిప్పి చూస్తే, 44లో 29 పానా అవసరం లేకుండానే తిరిగాయి. ఎంతో ఖర్చు, శ్రమ పెట్టి కట్టుకున్న జోడు వాసాలు, పనంతా అయిపోయిందనుకున్న ఏడాదికే ఎవరికి వారుగా నిలబడి ఉన్నాయన్న సంగతి చూసి గుండె జారింది.

కారణం వడ్రంగి చెప్పిన పచ్చిదనమే. కర్రలో తేమ సుమారు 28 శాతం కంటే తగ్గడం మొదలైనప్పటి నుంచి అది కుదించుకుపోతుంది. పొడవులో ఆ మార్పు లెక్కలోకి రానంత తక్కువగా ఉంటుంది, అడ్డంగా మాత్రం స్పష్టంగా కొలవగలిగినంత ఉంటుంది. అందుకే దారం కొలతలు మారలేదు, మందం మాత్రం మారింది. కొత్త వాసం ఒకదాన్ని కొలిస్తే 50 మిల్లీమీటర్లు ఉండవలసిన చోట 48న్నర కంటే ఎక్కువ లేదు. అంటే బోల్టు తల నుంచి నట్టు దాకా ఉండవలసిన పట్టులో ఒకటిన్నర మిల్లీమీటరు మాయమైంది. 12 మిల్లీమీటర్ల మామూలు బోల్టు మర మీద నట్టు ఒక చుట్టు తిరిగితే 1.75 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. నేను పానా పెట్టి బిగిస్తుంటే చాలా నట్లు ఒక చుట్టుకు కొద్దిగా తక్కువ తిరిగి ఆగిపోవడం చూశాక, కర్ర ఎంత తగ్గిందో పానా పిడి నా చేతికే లెక్క చెప్పినట్టయింది.

మూడు గంటల్లో అన్నీ బిగిశాయి. పోస్టుకార్డు దూరడం మానేసింది, ఆ రాత్రి నుంచి శబ్దం వినిపించలేదు. ఈ ఐదేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించినది ఇదే. వదులైన మేకును మళ్లీ కొట్టినా, ఆ రంధ్రం దాన్ని మునుపటిలా పట్టి ఉంచదు. బోల్టు మాత్రం కర్ర ఎండిన కొద్దీ దాని వెంటే నడవగలదు. బోల్టులను బిగుతుగా వేయడమే కాక, కర్ర చుట్టూ ఉన్న గాలితో సమానంగా ఆరిన తరువాత అవసరమైతే మళ్లీ బిగించాలని అదే యూరోకోడ్ 5లో ఉంది. కాబట్టి నేను లోపమని భయపడినది ఈ పనిలో మొదటి నుంచీ ఉన్న భాగమే. పని ఇంకా ముగియకుండానే ముగిసిందని నేను అందరికీ చెప్పాను.

ఇప్పుడు ప్రతి నట్టు మీదుగా వాషరు దాటి కర్ర దాకా తెల్ల రంగుతో సన్నని గీత గీసి ఉంచాను. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఆ గీతకు ఒక పరిమితి ఉంది. నట్టు తిరగకుండానే కర్ర కుదించుకుపోతే గీత అలాగే నిలుస్తుంది కాబట్టి చేత్తో వాషరును కదిపి చూడటం తప్పదు. మూడో ఏట ఆరు నట్లు పావు చుట్టు తిరిగాయి, గత రెండేళ్లలో ఒక్కటీ కదలలేదు. జాకీతో రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా ఎత్తి, 34 నుంచి 15 మిల్లీమీటర్ల కుంగు దగ్గర ఆపిన ఆ వాసం ఇవాళ 17 దగ్గర ఉంది. వంపు పూర్తిగా పోయేలా ఎత్తలేదు, ఏళ్ల తరబడి ఆ వంపుకే సర్దుకున్న పెంకులు చెదిరిపోతాయని.

నా పాత పొగడ్తలో మరొక చోట కూడా తగ్గించి చెప్పాలి. జోడు వాసం కుంగడాన్ని ఆపుతుంది, గోడలను బయటికి నెట్టడాన్ని ఆపదు. వాలుకప్పు బరువుకు వాసాల కాళ్లు బయటికి జారాలని చూస్తాయి. వాటిని ఎదురెదురుగా పట్టి ఉంచేది కింది అడ్డదూలమే. మా ఇంట్లో ఆ దూలాలకూ వాసాలకూ మధ్య రెండేసి మేకులు తప్ప ఏమీ లేవు. వాసాలు బాగుపడ్డాయని నిశ్చింతగా ఉన్న రెండేళ్లలో గోడ పైవరస వెంబడి సన్నని పగులు పొడవు పెరుగుతూ వచ్చింది. కొప్పుకు దగ్గరగా అడ్డపట్టెలు కొట్టమని కొందరు చెప్పారు గానీ, అంత పైన వేసిన పట్టె కాళ్ల దగ్గరి నెట్టుడును పెద్దగా పట్టలేదు. చివరికి అడ్డదూలాలను కూడా బోల్టులతోనే కట్టించాక పగులు ఆగింది. మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటే ముందు ఈ కాళ్ల పని చేయించి, ఆ తరువాతే వాసాల జోలికి వెళతాను.

నా తృప్తి నా పరిస్థితికి మాత్రమే చెందుతుంది. మా వాసాలు 3.6 మీటర్లకు మించి లేవు, చెద లేదు, తడి లేదు, అటకలోకి పాకి వెళ్లగలిగినంత చోటుంది, ఏడాదికోసారి వెళ్లే ఓపిక నాకుంది. లోపలి కప్పు పూర్తిగా మూసివేసి, నట్టు చేతికి అందని ఇంట్లో నేను ఇంతగా మెచ్చుకుంటున్న సుగుణం అక్కరకు రాదు. అక్కడ ముందే బాగా ఆరిన కర్రను, తేమ మీటరుతో పరీక్షించి కొనడమే మేలు. వాసం చీలి ఉన్నా, పొడిస్తే లోపల గుల్లగా తగిలినా, పైకప్పు మీదికి కొత్త బరువు రాబోతున్నా, జోడు వేసే ముందు నిర్మాణ ఇంజనీరు చూడవలసిందే.

నాకు ఇంకా నమ్మకం కుదరనిది తొమ్మిదో వాసం ఒక్కటే. బోల్టు కర్ర చివరి నుంచి కనీసం దాని వ్యాసానికి ఏడింతల దూరంలో, అంటే 84 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అక్కడ ముడి అడ్డం రావడంతో 60 దగ్గర వేయవలసి వచ్చింది. ఆ చివరన వెంట్రుకంత చీలిక ఒకటుంది. దాని కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి పెట్టాను. ఇప్పటిదాకా అది ఆ గీతను దాటలేదు.